సీసాలకు వీసా



దేశం మారేటప్పుడు ఇంటి సామానంతా జాబితా రాయాలి. మంచాలు, సోఫా, ఫ్రిజ్, వెట్ గ్రైండర్, పిల్లల సైకిళ్లు, పుస్తకాలు, దేవుడి పటాలు. ప్యాకర్స్ కంపెనీ మనిషి గది గదికీ తిరిగి అన్నీ రాసుకుంటాడు. ఆ కాగితం అవతలి దేశంలో కస్టమ్స్ ఆఫీసుకు చేరుతుంది. అక్కడి అధికారి వరుసగా టిక్కులు పెట్టుకుంటూ పోతాడు. ఒక్కచోట మాత్రం కలం ఆగుతుంది. అక్కడ రాసి ఉన్నది ఇదీ: వైన్, ఆరు పెట్టెలు.

పెట్టెకు పన్నెండు చొప్పున ఆరు పెట్టెలంటే 72 సీసాలు. కాలిఫోర్నియాలోనో ఆస్ట్రేలియాలోనో చాలాకాలం కాపురమున్నవాళ్లకు ఇదేమంత పెద్ద లెక్క కాదు. నాపా లోయ చూడబోయినప్పుడు కొన్నవి నాలుగు, విందుకొచ్చిన స్నేహితులు చేతిలో పెట్టినవి రెండు, అమ్మాయి పుట్టిన ఏటి పంటదని పెళ్లినాటికి దాచినవి ఒక డజను. ఇలా పోగవుతూ ఉంటాయి. బే ఏరియాలో మన తెలుగువాళ్ల ఇళ్లలోనూ కొన్నిచోట్ల వంటింటి పక్కన చిన్న వైన్ ఫ్రిజ్ కనిపిస్తుంది. ఉద్యోగం మారి దేశమే మారాల్సి వస్తే ఆ సీసాల సంగతేమిటి? ఇవాళ్టి ప్రసంగం దాని గురించే.

ముందుగా, కలం ఎందుకు ఆగిందో చూద్దాం.

కాపురం మార్చుకుని వచ్చేవాళ్ల దగ్గర పాత సామాను మీద సుంకం వసూలు చేయకూడదన్నది చాలా దేశాలు పాటించే మర్యాద. దీన్నే ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ రాయితీ అంటారు. యూరోపియన్ యూనియన్‌లో ఇందుకు 2009లో చేసిన 1186వ నంబరు నిబంధన ఉంది. దాని ప్రకారం వస్తువు కనీసం ఆరు నెలలుగా మీ దగ్గర ఉండాలి, మీరు దాన్ని వాడి ఉండాలి. అలాంటి సామానుకు సుంకం లేదు. ఆ వెంటనే మినహాయింపులూ ఉన్నాయి. మద్యానికీ పొగాకుకూ ఈ రాయితీ వర్తించదు. బ్రిటన్ నిబంధన కూడా అంతే. ఆస్ట్రేలియాదీ అంతే.

నాకు ఇందులో ఒక తర్కం కనిపిస్తుంది. వాడిన కుర్చీ ఉంటుంది, వాడిన మంచం ఉంటుంది. వాడిన వైన్ ఉండదు. వాడితే అయిపోతుంది. మిగిలిందంటే వాడనట్టే. అమ్మాయి పుట్టినప్పుడు కొన్న సీసా ఇరవై ఏళ్లు మీ ఇంట్లోనే పడుకుని ఉండవచ్చు. మీకది ఇంట్లో మనిషంత పాతది. కస్టమ్స్ అధికారి కంటికి అది నిన్న దుకాణంలోంచి వచ్చిన సరుకే. వైన్ దాచుకునేవాళ్లకు ఎదురయ్యే చిక్కులన్నీ దాదాపుగా ఇక్కడినుంచే మొదలవుతాయి.

అయితే అన్ని దేశాలూ ఒక్కలా ఆలోచించవు. స్విట్జర్లాండ్ సంగతి వినండి. అక్కడికి కాపురం మార్చేవాళ్లు ఇంటి సామానుతో పాటు వైన్ కూడా తెచ్చుకోవచ్చు. ఆల్కహాలు 25 శాతం మించని పానీయాలైతే 200 లీటర్ల వరకు, అంతకంటే ఘాటైనవైతే 12 లీటర్ల వరకు సుంకం లేదు. 200 లీటర్లంటే 266 సీసాలు. పప్పులూ నూనెలూ నిల్వ ఉంచుకున్నట్టే వైన్‌నీ ఇంటి నిల్వల కింద లెక్కకట్టారు. మన ఆరు పెట్టెలూ అక్కడ ఇబ్బంది లేకుండా గడప దాటతాయి.

యూరోపియన్ యూనియన్ లోపలే ఒక దేశం నుంచి మరో దేశానికి మారితే, ఉదాహరణకు పారిస్ నుంచి బెర్లిన్‌కు వెళితే, సొంత వాడకానికి తీసుకెళ్లే వైన్‌కు మళ్లీ పన్ను ఉండదు. సొంత వాడకమా, వ్యాపారమా అని అనుమానం వచ్చినప్పుడు అధికారులు చూసే కొలమానం 90 లీటర్లు.

హాంకాంగ్‌ది మరో దారి. 2008లో ఆ ప్రభుత్వం వైన్ మీద సుంకాన్ని పూర్తిగా ఎత్తేసింది. అప్పటినుంచి ఆ నగరం వైన్ వేలాలకు పెద్ద కేంద్రమైంది. సుంకం లేని ఊళ్లో సీసాలు కూడబెట్టుకోవడం సులువే. 2021 జనవరి 31న బ్రిటన్ కొత్త వీసా పథకం తెరిచాక హాంకాంగ్ నుంచి ఎన్నో కుటుంబాలు అక్కడికి తరలివెళ్లాయి. వాళ్ల సోఫాలకూ పియానోలకూ రాయితీ ఉంది. సీసాలకు మాత్రం ఎక్సైజ్ సుంకం, ఆ పైన 20 శాతం వ్యాట్. సున్నా సుంకంతో కొన్న సరుకు రేవు దాటగానే పన్ను సరుకైపోయింది.

ఇక ఓడలో కాకుండా చేత పట్టుకుని దిగితే ఏమవుతుందో చూద్దాం. మామూలు సీసా 750 మిల్లీలీటర్లు. మూడు సీసాలు బ్యాగులో పెట్టుకున్నాం అనుకోండి. మొత్తం రెండుంపావు లీటర్లు. సిడ్నీలో దిగితే పెద్దవారొక్కరికి ఇచ్చే పరిమితి సరిగ్గా రెండుంపావు లీటర్లే. దాటిపోవచ్చు. నాలుగో సీసా ఉంటే ఆ ఒక్కదానికే కాదు, నాలుగింటికీ సుంకం కట్టమంటారు. టోక్యోలో పరిమితి 760 మిల్లీలీటర్ల సీసాలు మూడు. అక్కడా గట్టెక్కుతాం. లండన్‌లో ఒక మనిషి 18 లీటర్ల వైన్ తెచ్చుకోవచ్చు, అంటే రెండు పూర్తి పెట్టెలు. కాకపోతే అవి మనతో పాటే రావాలి, తర్వాత కంటైనర్‌లో వచ్చేవాటికి ఈ లెక్క పనికిరాదు. అమెరికాలో సుంకం లేకుండా వదిలేది ఒక్క లీటరే. అదే మూడు సీసాలతో శంషాబాద్‌లో దిగితే? మన దేశంలో పరిమితి రెండు లీటర్లు. మూడో సీసా గీత దాటుతుంది, పావు లీటరు మేర. కాపురం మార్చుకుని తిరిగొచ్చేవాళ్లకు మన కస్టమ్స్ ఇచ్చే ప్రత్యేక రాయితీలు కూడా ఈ రెండు లీటర్లను పెంచవు.

పన్ను ఎంతన్నదే కాదు, దేనిమీద వేస్తారన్నది కూడా తెలుసుకోవాలి. ఏ సీసా వెంట తెచ్చుకోవాలి, ఏది వదిలేయాలి అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

సింగపూర్‌లో ఎక్సైజ్ సుంకం వైన్‌లో ఉన్న ఆల్కహాలు మీద. లీటరు ఆల్కహాలుకు 88 సింగపూర్ డాలర్లు. 12.5 శాతం ఘాటున్న సీసాకు లెక్క కడితే ఎనిమిదింపావు డాలర్లు. ఆ సీసా ధర పదిహేను డాలర్లయినా అంతే, పదిహేను వందల డాలర్లయినా అంతే. పైన జీఎస్టీ మాత్రం ధరను బట్టి పడుతుంది. ఇలాంటి దేశానికి వెళ్లేటప్పుడు చవక సీసాలు మోయడం దండగ, ధరలో దాదాపు సగం పన్నే కడతాం. ఖరీదైనవైతే మోసినా గిట్టుతుంది.

మన దేశంలో అందుకు తలకిందులు. విదేశీ వైన్ మీద సుంకం, సెస్ కలిపి మామూలుగా ధరలో 150 శాతం. వెయ్యి రూపాయల సీసాకు పదిహేను వందలు, పదివేల సీసాకు పదిహేను వేలు. ఎంత మంచి సీసా తెస్తే అంత చేతి చమురు. ఆస్ట్రేలియాలోనూ ధర మీదే ఎక్కువ పడుతుంది. అక్కడ వైన్ ఈక్వలైజేషన్ టాక్స్ అని 29 శాతం పన్ను విడిగా ఉంది. కాబట్టి ప్యాకింగ్ మొదలుపెట్టే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: అక్కడి పన్ను కొలత మీదా, విలువ మీదా?

మన దేశంలో కేంద్ర కస్టమ్స్ దాటగానే పని అయిపోదు. మన రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల జాబితాలో ఉంది. గుజరాత్‌లో ఆ రాష్ట్రం ఏర్పడిన 1960 నుంచీ నిషేధమే. బిహార్‌లో 2016 నుంచి నిషేధం. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ 1995 నుంచి 1997 దాకా మద్యనిషేధం నడిచింది, పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఢిల్లీలో దిగిన పెట్టె అహ్మదాబాద్ చేరాలంటే మళ్లీ వేరే చట్టం, వేరే అనుమతి. అమెరికాలోనూ ఇదే పద్ధతి. 1933 నాటి 21వ రాజ్యాంగ సవరణ అక్కడి మద్యనిషేధాన్ని ఎత్తేస్తూనే, మద్యం మీద అదుపు రాష్ట్రాల చేతిలో పెట్టింది. ఓడ ఏ రాష్ట్రపు రేవులో ఆగుతుందన్నది కూడా అక్కడ లెక్కలోకి వస్తుంది.

పన్నులు కట్టేశాం, కాగితాలు చేతికొచ్చాయి అనుకుందాం. ఇప్పుడు అసలు శత్రువు వస్తాడు. వాడి పేరు ఎండ.

వైన్ హాయిగా ఉండేది 12, 14 డిగ్రీల మధ్య. మామూలు ఇనుప కంటైనర్‌కు అలాంటి పట్టింపులు లేవు. ఎర్రసముద్రం మీద ఎండాకాలంలో, ఓడ పైవరసలో ఉన్న కంటైనర్ లోపలి గాలి అద్దాలు ఎత్తేసి ఎండలో నిలిపిన కారులోలా ఉడుకుతుంది. సీసాలోని వైన్ వేడికి వ్యాకోచిస్తుంది, బిరడాను పైకి నెడుతుంది. బిరడా పక్కలనుంచి సన్నగా కారుతుంది. రాత్రి చల్లబడగానే వైన్ కుంచించుకుపోతుంది, ఖాళీ అయిన చోటికి గాలి చేరుతుంది. గాలి తగిలిన వైన్ పాడవడం మొదలవుతుంది. ఇలా ఇరవై ముప్ఫై పగళ్లు, ఇరవై ముప్ఫై రాత్రులు.

దించుకున్నాక సీసా పట్టుకుని చూస్తే ఈ కథంతా తెలిసిపోతుంది. మెడ దగ్గర వైన్ మట్టం మునుపటికంటే కిందికి దిగి ఉంటుంది. మూతకున్న రేకును వేలితో తిప్పబోతే తిరగదు, కారిన వైన్ ఎండి జిగురులా పట్టేస్తుంది. బిరడా సీసా అంచుకంటే వెంట్రుకవాసి పైకి లేచి ఉంటుంది. తెరిచి నోట్లో పోసుకుంటే తాజా పండు రుచి ఉండదు, ఉడికిన పండు రుచి వస్తుంది. చలికాలం ప్రయాణమైతే ఇంకో ప్రమాదం. సున్నాకు ఐదారు డిగ్రీలు కిందికి దిగితే వైన్ గడ్డకడుతుంది, అప్పుడూ బిరడాను నెట్టేస్తుంది.

అందుకే విలువైన సీసాలను రీఫర్ అనే శీతల కంటైనర్‌లో పంపుతారు. లోపల పెట్టెల మధ్య ఉష్ణోగ్రతను గంట గంటకూ రాసుకునే చిన్న పరికరం పెడతారు. రీఫర్ ఖర్చు భరించలేకపోతే లోపల ఇన్సులేషన్ తొడుగు వేయించి, ఎండలు ముదరని నెలల్లో పంపాలి. ఓడలో కింది వరసలో చోటు అడగాలి. బీమా కాగితంలో వేడివల్ల పాడైతే డబ్బిస్తారా లేదా అన్నది ముందే చదువుకోవాలి. పగిలిన సీసాకు పరిహారం వస్తుంది గానీ ఉడికిన వైన్‌కు రాకపోవచ్చు. దించుకున్నాక కూడా కొన్ని వారాలు కదిలించకుండా పడుకోబెట్టాలి, పాత ఎర్ర వైన్‌లలో మడ్డి మళ్లీ అడుగుకు చేరాలి కదా.

ఈ వేడినీ ఈ ఊపునీ ఇష్టపడ్డ వైన్ ఒకటుంది. దాని పేరు మదీరా. అట్లాంటిక్ సముద్రంలో పోర్చుగల్ వారి దీవి పేరే దానికీ వచ్చింది. ఈస్టిండియా కంపెనీ ఓడలు మన మద్రాసుకూ కలకత్తాకూ వచ్చేటప్పుడు ఆ దీవి దగ్గర ఆగి పీపాలు ఎక్కించుకునేవి. ఉష్ణమండలం ఎండలో నెలల తరబడి ఊగి ఊగి వెనక్కి చేరిన పీపాల్లోని వైన్ బయల్దేరినప్పటికంటే రుచిగా ఉందని గమనించారు. తర్వాత కావాలనే పీపాలను ఇండియా దాకా తిప్పి తెప్పించేవారు. అలా తిరిగొచ్చిన వైన్‌కు మంచి గిరాకీ ఉండేది. ఇప్పుడు ఓడ ఎక్కించకుండా వేడి గదుల్లోనూ గోదాముల అటకల మీదా ఉంచి ఆ రుచి రప్పిస్తున్నారు. మీ ఆరు పెట్టెల్లో మదీరా ఉంటే దాని గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. మిగతావాటి గురించే పెట్టుకోవాలి.

విమానంలో అయితే వ్యవహారం తేలిక. ఆల్కహాలు 24 శాతం లోపున్న పానీయాలకు విమాన భద్రతా నిబంధనల్లో పరిమాణం పరిమితి లేదు. అంతకుమించి 70 శాతం లోపు ఘాటున్నవాటికే తలకు అయిదు లీటర్ల హద్దు. వైన్ మొదటి కోవలోకే వస్తుంది. కాబట్టి ఇక్కడ చూసుకోవాల్సింది బరువు. డజను సీసాల పెట్టె 15 నుంచి 18 కిలోలు తూగుతుంది. 23 కిలోల చెకిన్ పెట్టె కింద సరిపోతుంది. ఎండలో నెల రోజులు ఉడకకుండా ఒక్కరోజులో చేరిపోతుంది.

ఇప్పుడు కాగితాల సంగతి. దీనికి అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ కథ చెప్పాలి. ఆయన పారిస్‌లో తన దేశపు రాయబారిగా ఉన్నప్పుడు 1787లో బర్గండీ, బోర్డో ప్రాంతాలు తిరిగి ఏ తోట వైన్ ఎలాంటిదో, ధర ఎంతో రాసుకున్నాడు. 1789 నవంబరులో స్వదేశంలో దిగాడు. సెలవు మీద వచ్చాననుకున్నాడు. అప్పటి అధ్యక్షుడు వాషింగ్టన్ ఆయన్ను విదేశాంగ మంత్రిని చేశాడు, పారిస్‌కు తిరిగి వెళ్లడం కుదరలేదు. అక్కడి ఇంటి సామాను 86 పెట్టెల్లో సముద్రం దాటి వచ్చింది. అమెరికా తొలి సుంకాల చట్టం వచ్చింది కూడా 1789లోనే, జులై 4న. అందులోనే వైన్ ఉంది. మదీరాకు గ్యాలన్‌కు 18 సెంట్లు, తక్కిన వైన్‌లకు 10 సెంట్లు. దేశం పుట్టి కస్టమ్స్ బల్ల వేసిన మొదటి రోజుల నుంచే ఆ బల్ల మీద సీసా ఉందన్నమాట.

1790లో జెఫర్సన్ వాషింగ్టన్‌కూ తనకూ కలిపి బోర్డో నుంచి వైన్ తెప్పించాడు. ఎవరి పెట్టెల మీద వారి పొడి అక్షరాలు వేయమన్నాడు. ఎక్కడ కొన్నాడో, ఎన్ని కొన్నాడో, ఎంత ఇచ్చాడో అన్నీ లెక్కల పుస్తకాల్లో రాసుకునే మనిషి. రెండు వందల ఏళ్ల తర్వాత ఆ రాతలకు పని పడింది. 1985 డిసెంబరులో లండన్‌లో క్రిస్టీస్ సంస్థ ఒక సీసాను వేలం వేసింది. 1787 నాటి లాఫీట్ అనే బోర్డో వైన్, సీసా మీద జెఫర్సన్ పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి. అమెరికాలో ఫోర్బ్స్ కుటుంబం లక్షా అయిదు వేల పౌండ్లకు కొన్నది. ప్రదర్శనలో దీపాల కింద నిలబెట్టి ఉంచితే బిరడా ఎండి వైన్‌లోకి జారిపోయింది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి. జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లోలోని పరిశోధకులు ఆయన లెక్కలన్నీ తిరగేస్తే ఆ సీసా ఊసే దొరకలేదు. అదే కోవలో నాలుగు సీసాలు కొన్న బిల్ కోక్ అనే ధనవంతుడు తర్వాత కోర్టుకెక్కాడు. ఆ అక్షరాలు కరెంటు పనిముట్టుతో చెక్కినవని ఆయన పెట్టించిన నిపుణులు తేల్చారు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, సీసా విలువ వైన్‌లో ఎంత ఉందో దాని కాగితంలో అంత ఉంది. "వైన్, ఆరు పెట్టెలు" అని రాస్తే అధికారి తన అంచనా తాను వేసుకుంటాడు. "ఎరుపు, 2016 పంట, 750 మిల్లీలీటర్లు, 13.5 శాతం, 12 సీసాలు, కొన్న ధర ఇంత" అని రాసి రసీదు జతచేస్తే మాట్లాడ్డానికి ఏమీ ఉండదు. రేపు అమ్ముకోవాలన్నా, బీమా అడగాలన్నా ఆ జాబితానే సాక్ష్యం. ఎక్కడ కొన్నారు, ఎంత చల్లదనంలో ఉంచారు అన్నవే వేలం సంస్థలు ముందు అడుగుతాయి.

అసలు తీసుకెళ్లకపోతేనేం? అదీ ఒక దారే. బ్రిటన్‌లో బాండెడ్ గోదాముల పద్ధతి ఉంది. అక్కడ ఉంచినంతకాలం వైన్‌కు సుంకం, వ్యాట్ పడవు, బయటికి తీసిన రోజున కడితే చాలు. విల్ట్‌షైర్‌లో కోర్షమ్ దగ్గర పాత రాతి గని ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధంలో అందులో మందుగుండు దాచారు. ఇప్పుడు అదే వైన్ గోదాము. ఏడాది పొడవునా చల్లదనం మారదు. రెండుమూడేళ్ల ఉద్యోగం మీద వెళ్లేవాళ్లు సీసాలను ఓడెక్కించి దించి మళ్లీ ఎక్కించడం కంటే అద్దె కట్టి అలాంటిచోట వదిలివెళ్లడం తెలివైన పని.

కాబట్టి ఆరు పెట్టెల్నీ ముందు నేల మీద పరిచి మూడు వాటాలు వేయండి. ఇప్పుడే తాగడానికి సిద్ధమైనవి ఒక వాటా. వాటికి సుంకం లేని మార్గం ఒక్కటే, వెళ్లేలోపు ఇరుగుపొరుగులతో కలిసి తెరవడం. కొత్త ఊళ్లోనూ దొరికేవి రెండో వాటా. వాటిని ఇచ్చేయండి, లేదా అమ్మేయండి. రవాణా, బీమా, పన్ను కలిపితే అక్కడ కొనుక్కోవడమే చవక. అక్కడ దొరకనివీ, ఇంకా కొన్నేళ్లు నిలిచేవీ మూడో వాటా. నా అంచనాలో ఈ మూడో వాటా చాలామందికి ఒక్క పెట్టె దాటదు. లండన్‌కైతే ఆ పెట్టె విమానంలో మీతో పాటే వచ్చేస్తుంది. జూరిక్‌కైతే ఇంటి సామానుతో కలిసిపోతుంది. హైదరాబాద్‌కు తిరిగొచ్చే దంపతులకు మాత్రం తలా రెండు, మొత్తం నాలుగు సీసాలు. ఆ నాలుగూ ఏవన్నది టికెట్లు కొనే ముందే తేల్చుకోండి, విమానాశ్రయంలో తేల్చుకోవాల్సి వస్తే ఖర్చెక్కువ.

ఇక్కడ చెప్పిన పరిమితులూ రేట్లూ ప్రభుత్వాలు మారుస్తూనే ఉంటాయి. ప్యాకర్ల మాట మీద ఆగకుండా, వెళ్లే దేశపు కస్టమ్స్‌కే రాసి జవాబు కాగితం మీద తెప్పించుకోండి. ఆ కాగితాన్ని జాబితాకు జతచేయండి.